వదులు గొళ్ళెం

"నీ గొంతుతోనే సెప్పినాదత్తా," అంది రోహిణి ఫోన్లో.

ఆ పిల్ల ఏడుస్తూ చెప్పి ఉంటే ఢిల్లేశ్వరి ఏదో ఒకటి చెప్పి ఊరడించేది. ఏడవలేదు. ఎదురింటి వాళ్ళ సంగతి చెబుతున్నట్టు చెప్పింది. పలాసలో తను పనిచేసే జీడిపప్పు ఫ్యాక్టరీ గేటు దగ్గర, పొద్దున్నే అందరితోపాటు వరసలో నిలబడి ఆరోగ్య కార్డు యంత్రం ముందు పెట్టిందట. రోజూ పచ్చగా వెలిగి లోపలికి పొమ్మనే పాత యంత్రం చోట ఆవేళ కొత్తది ఉందట, అది ఎర్రగా వెలిగిందట. "పనసల రోహిణి గారూ, మీకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు ఎక్కువగా ఉంది. నివారణ శస్త్రచికిత్సకు మీ పేరు నమోదు చేస్తున్నాం" అని వెనకున్న ఆడవాళ్ళందరికీ వినబడేలా చెప్పిందట. కార్డు మీద రంగు మారే గీత ఒకటి ఉంటుంది, అది కూడా ఎర్రబడింది. మేనేజరు జగన్నాథం ఆమెను పక్కకు పిలిచి, ఒక నర్సింగ్ హోము పేరు చెప్పి, నెల తిరిగేలోగా గర్భసంచి తీయించుకుని వస్తేనే మళ్ళీ పనిలోకి రానిస్తానన్నాడు.

రోహిణికి ఇరవయ్యారేళ్ళు. ఒక కూతురు. ఆ పిల్ల ఇప్పుడిప్పుడే గోడ పట్టుకుని నడుస్తోంది.

"నాకు ఇంకో బిడ్డ కావాలత్తా. ఇప్పుడు సంచి తీయించీసుకోమంటే ఎలాగ? ఆ మిషన్లో మాటాడింది నువ్వే కదా. నువ్వే సెప్పు, తీయించుకోవాలా?"

ఢిల్లేశ్వరి వస్తున్నానని, అంతవరకు ఎవరు అడిగినా ఎక్కడా సంతకం పెట్టొద్దని చెప్పి ఫోన్ పెట్టేసింది.

*

పేరులో ఢిల్లీ ఉంది గానీ ఢిల్లేశ్వరి ఉద్యోగం విశాఖపట్నంలో, ఒక జన్యు పరిశోధనశాలలో. జీడిపిక్కలు కొట్టే ఇంట్లో పుట్టి డాక్టరేటు దాకా చదివిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు తలొక కారణం చెప్పి పంపించేది.

ఆ యంత్రంలోని గొంతు నిజంగా ఆమెదే. ఆడగొంతు అయితే ఆడవాళ్ళు నమ్ముతారని డైరెక్టరు మృత్యుంజయరావు గారు ఆమెను ఒక గాజు గదిలో కూర్చోబెట్టి వాక్యాలు చదివించారు. ఆయన పేరుకు తగ్గట్టు మృత్యువును జయించే పనిలోనే ఉన్నారు గానీ, ముందుగా మంత్రిగారి మెప్పును జయించాలని ఆయన తాపత్రయం. "చెప్పండి" అనాల్సిన చోట ఆమె నోట "సెప్పండి" వచ్చినప్పుడల్లా ఆపించి మళ్ళీ చదివించారు. సాయంత్రమయ్యేసరికి ఆమె గొంతులోంచి శ్రీకాకుళం మొత్తం దిగిపోయింది. రేడియో మనిషిలా తయారైంది.

అసలు ఆ పరిశోధన పెరిగింది ఆమె చేతుల మీదే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మూలం ఒక వైరస్. కాపురం చేసే ఆడవాళ్ళలో చాలామందికి అది ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. తప్పు చేసినవాళ్ళకే వస్తుందనుకోవడం వట్టి అజ్ఞానం. ఎక్కువమందిలో ఏడాదికో రెండేళ్ళకో దానంతట అదే పోతుంది. కొందరిలో పోదు. ఎందుకు పోదన్నది ఢిల్లేశ్వరి ప్రశ్న. గాజు పళ్ళేల్లో కణాలు పెంచి, వాటిలోకి వైరస్‌ను వదిలి, వారాల తరబడి సూక్ష్మదర్శినికి కళ్ళప్పగించి కూర్చునేది. ఒక పళ్ళెంలో కణాలు వైరస్‌ను గుర్తుపట్టి తరిమేసేవి. పక్క పళ్ళెంలో ఇంకో మనిషి కణాలు దాన్ని చుట్టంలా చూసి ఊరుకునేవి. తేడా ఎక్కడుందని వెతికితే ఒక్క జన్యువులో, ఒక్క అక్షరం దగ్గర దొరికింది. వచ్చింది శత్రువని గుర్తించి పట్టుకోవాల్సిన ప్రోటీను, ఆ అక్షరం మారినవాళ్ళలో వదులుగా పట్టుకుంటోంది. ఢిల్లేశ్వరి దానికి గొళ్ళెం అని పేరు పెట్టింది. కొందరిది బిగువు గొళ్ళెం, కొందరిది వదులు గొళ్ళెం.

వదులు గొళ్ళెం ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. వచ్చిన వైరస్ త్వరగా పోదు, అంతే. అది ఏళ్ళ తరబడి తిష్ఠ వేస్తే అక్కడి కణాలు పాడవడం మొదలవుతుంది. అప్పుడే కనిపెట్టి ఆ కాస్త చోటును తీసేస్తే క్యాన్సర్ దాకా పోదు. కనుక ఎవరిది వదులో తెలిస్తే వాళ్ళను తరచుగా పిలిచి పరీక్షించవచ్చు. అందుకోసమే ఆమె రక్తపు డబ్బీ తయారుచేసింది. అగ్గిపెట్టెంత డబ్బీ. వేలి చివరి నుంచి ఒక చుక్క వేస్తే, టీ తాగి వచ్చేలోగా జవాబు చెబుతుంది.

డైరెక్టరుగారికి ఆ చుక్క నచ్చలేదు. సూదులు, డబ్బీలు, గుచ్చే మనుషులు, ఈ తతంగమంతా ఎందుకన్నారు. పలాసలో ముప్పై దాటిన ఆడవాళ్ళ నెత్తురు అప్పటికే పరీక్షించి ఉంది. ఆ ఫలితాలనూ ఆ ఆడవాళ్ళ ఇంటిపేర్లనూ కంప్యూటర్‌కు నేర్పించారు. ఏ ఇంటి నెత్తురులో వదులు గొళ్ళెం ఎక్కువో అది నేర్చుకుంది. ఇక చుక్క అక్కర్లేదు, కార్డు మీద పేరు చూసి చెప్పేస్తుంది. దానికి జాడ అని పేరు పెట్టి, సన్మానాలు చేసుకుని, పలాసలో ముందు ఆస్పత్రుల్లో, ఇప్పుడు ఫ్యాక్టరీ గేటుకొకటి బిగించారు.

ఎర్ర గీత వచ్చినవాళ్ళను పరీక్షకు పిలవాలన్నది ఢిల్లేశ్వరి రాసిన మాట. పథకం చేతులు మారి వచ్చేసరికి పరీక్ష అన్నచోట శస్త్రచికిత్స అని ఉంది. పరీక్ష అంటే మనిషిని ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉండాలి. కోసేయడమైతే ఒక పూటలో అయిపోతుంది. ఆమె అభ్యంతరం చెప్పింది, ఎవరూ వినిపించుకోలేదు, చివరికి వాళ్ళు ఇచ్చిన వాక్యమే చదివింది. ఒక్క విషయంలో మాత్రం పంతం పట్టింది. కార్డు చదవలేకపోతే, మనిషి ఎవరో తెలియకపోతే, జాడ ఊహించి చెప్పకూడదు. తెలియదని ఒప్పుకోవాలి. రక్తం చూసేదాకా ఏ ఆపరేషన్‌కూ పేరు ఎక్కించకూడదు. అలాంటి కార్డు ఎందుకొస్తుందమ్మా అని నవ్వుతూనే డైరెక్టరుగారు ఆమె ముచ్చట తీర్చారు. ఆ వాక్యమూ ఆమే చదివింది. "మీ గురించి నాకు తెలియదు. రక్తం పరీక్షించి చెప్పాలి."

అది ఎవరూ ఎప్పుడూ వినని వాక్యంగా యంత్రం కడుపులో పడి ఉంది.

*

మర్నాడు ఢిల్లేశ్వరి పలాసలో దిగేసరికి వదిన తవిటమ్మ అరచేతులకు బూడిద రాసుకుని జీడిపిక్కలు కొడుతోంది. రోహిణి తల్లి ఈమె. జీడిరసం చర్మాన్ని కాల్చేస్తుంది గనుక ఆ వీధిలో ఆడవాళ్ళ చేతులన్నీ నల్లగా, పొలుసులు లేచి ఉంటాయి. వేళ్ళ చివర గీతలు అరిగిపోయి గాజుముక్కల్లా నున్నగా అయిపోతాయి. ఫ్యాక్టరీలో హాజరుకు మొదట వేలిముద్ర యంత్రమే పెట్టారు. అది ఒక్కరినీ గుర్తుపట్టలేక చేతులెత్తేస్తే అప్పుడు కార్డులు వచ్చాయి.

తవిటమ్మ ఆడపడుచును పలకరించలేదు. పిక్క మీద సుత్తి దెబ్బ వేసి, తల ఎత్తకుండానే మాట్లాడింది.

"నాకు ముప్పయ్యేళ్ళకి తెల్లబట్ట అవుతాందంటే, అది కేన్సరైపోద్దని భయపెట్టి సంచి తీసీసినారు. ఆ కాడ్నుంచి నా ఒంట్లో ఒక పొయ్యి ఎలుగుతానే ఉన్నాది. ఎముకలు పీకుతాయి. నిద్దర నేదు. మా అత్త కన్నా నానే ముసిల్దాన్నైపోనాను. ఆ పొయ్యి నా కూతురికి వొద్దు ఢిల్లీ."

ఢిల్లేశ్వరి సంచి కింద పెట్టి చాప మీద కూలబడింది. వదినకు అప్పుడు ఆపరేషన్ అక్కర్లేదని ఈరోజు ఆమెకు తెలుసు. ఆరోజు ఆమె కాలేజీలో జీవశాస్త్రం బట్టీ పడుతోంది.

రోహిణి అక్క హైమ కాశీబుగ్గలో బట్టలు కుడుతుంది. చెల్లెలి సంగతి విని ఆవేళే వచ్చింది. వస్తూనే చెల్లెలిని దగ్గరకు తీసుకుని, దిగులు పడొద్దని, తన కార్డు కూడా మొదట్లో ఎర్రగానే ఉండేదని చెప్పింది.

ఢిల్లేశ్వరి చటుక్కున తల తిప్పి, మళ్ళీ ఎప్పుడు పచ్చబడిందని అడిగింది.

"పెళ్ళైన ఇన్నాళ్ళకి మొన్ననే కదత్తా కార్డులో ఇంటిపేరు మార్పించుకున్నాను. పనసల తీసీసి కొత్తూరు అని ఏయించుకున్నాను. ఆ మర్నాడు ఆస్పత్రికాడ సూపిస్తే పచ్చగా ఎలిగినాది. నీకేటీ భయం నేదు, పరీక్షలకి రానక్కర్నేదు అన్నాది. నీ గొంతే."

"మధ్యలో ఎవులైనా నెత్తురు తీసినారా?"

"నెత్తురేటి? కార్డే కదా సూస్తాది."

ఢిల్లేశ్వరి నోట "ఎవులైనా" రావడం తవిటమ్మ గమనించింది. కోపం వచ్చినప్పుడు, లేదంటే బాగా భయం వేసినప్పుడు తప్ప ఆడపడుచు నోట ఆ మాట రాదని ఆమెకు తెలుసు.

ఢిల్లేశ్వరి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ముప్పై దాటిన ఆడవాళ్ళ నెత్తురు తీశారు. ముప్పై దాటినవాళ్ళంతా పెళ్ళైనవాళ్ళే. వాళ్ళ పేరు ముందు ఉన్నది మొగుడి ఇంటిపేరు. ఆ నెత్తురు పుట్టింటిది. పనసలవారి అన్నదమ్ములంతా ఒక తరంలో మెట్టవలస అనే ఒకే ఊళ్ళో, ఒకే వంశం ఆడపిల్లలను చేసుకున్నారు. తవిటమ్మ ఆ ఊరి పిల్లే. సర్వేలో పనసల అని రాసి ఉన్న నెత్తురంతా మెట్టవలస నెత్తురు. జాడకు అదేం తెలుసు? పనసలవారిది వదులు గొళ్ళెం అని నేర్చేసుకుని, ఆ ఇంట పుట్టిన ప్రతి ఆడపిల్ల నెత్తినా ఎర్ర గీత గీసింది. ఆ పిల్ల పెళ్ళి చేసుకుని ఇంటిపేరు మార్చుకుంటే పచ్చ గీత గీసింది.

రోహిణి కూడా పెళ్ళయ్యాక మొగుడి ఇంటిపేరు ఎక్కించుకోవడానికి ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయింది. పేరు మార్చాలంటే వేలిముద్ర పడాలి. ఆమె వేళ్ళకు ముద్రలు లేవు. జీడిరసం తినేసింది. అందుకని కార్డులో ఆమె ఇంకా పనసల రోహిణే. కుట్టుపని చేసే అక్క వేలు పలికింది, పిక్కలు కొట్టే చెల్లెలి వేలు పలకలేదు. ఆ మాత్రం తేడాకు ఒకరి సంచి ఉంటుంది, ఒకరిది పోతుంది.

*

విశాఖపట్నం తిరిగి వెళ్ళాక డైరెక్టరుగారు ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. తరువాత మొత్తం మీద జాడ చెప్పేది చాలావరకు సరిపోతోందని, ఇంటిపేర్ల సంగతి వచ్చే ఏడాది సరిచేద్దామని, మిగతా జిల్లాల్లో ప్రారంభోత్సవాలు ఉన్న ఈ సమయంలో గొడవ చేయొద్దని అన్నారు. జాడ ప్రోగ్రాము రాసిన కుర్రాళ్ళు చుట్టూ నిలబడి తలలూపారు. తెలివైనవాళ్ళే, తెలుగువాళ్ళే. వాళ్ళ అమ్మలూ అక్కలూ పెళ్ళిలో ఇంటిపేరు వదిలి వెళ్ళినవాళ్ళే. పుట్టింది మొదలు పోయేదాకా ఒకే ఇంటిపేరు మోసే మగవాళ్ళకు, ఇంటిపేరూ నెత్తురూ ఒకటి కాకపోవచ్చన్న ఆలోచన రాలేదు. ఆ మాటకొస్తే పెళ్ళి చేసుకోని ఢిల్లేశ్వరికీ రాలేదు. ఆ సంగతి ఆమెను అన్నిటికన్నా ఎక్కువ కుమిలేలా చేసింది.

"మూడు ముళ్ళు పడితే జన్యువు మారుతుందా సార్?" అంది.

ఆయన నవ్వారు. ఆమె నవ్వలేదు. జాడను ఈరోజే ఆపమని అడిగింది. కుదరదన్నారు. అయితే పలాసలో ఎర్ర గీత వచ్చినవాళ్ళకైనా రక్తం చూద్దామంది. డబ్బీల పని మూసేశాం కదమ్మా అన్నారు. ఆమె లేచి నేరుగా అలమారా దగ్గరకు పోయి, మిగిలిన డబ్బీలన్నీ తీసి తన సంచిలో పెట్టుకుంది. చాటుగా కాదు, అందరూ చూస్తుండగానే. ఆ గుమ్మం దాటితే ఉద్యోగం గురించి మరిచిపోవలసి ఉంటుందని డైరెక్టరుగారు వెనకనుంచి హెచ్చరించారు.

"నా గొంతు మీ యంత్రంలో ఉంది కదా సార్. దాన్నే ఉద్యోగంలో పెట్టుకోండి," అని ఆమె మెట్లు దిగింది.

*

తవిటమ్మ పెరట్లో, మధ్యాహ్నం ఎండ తగ్గాక, ముందు తన వేలే గుచ్చుకుంది ఢిల్లేశ్వరి. పనసల ఇంట పుట్టి పనసల పేరుతోనే ఉన్న ఆడది కాబట్టి ఆమె కార్డు కూడా ఎర్రదే. డబ్బీలో నీలం చుక్క తేలింది. బిగువు గొళ్ళెం. తరువాత హైమది చూసింది. చుక్క నారింజ రంగుకు తిరిగింది. పరీక్షలకు రానక్కర్లేదని పచ్చ గీత పొందిన మనిషిది వదులు గొళ్ళెం. హైమ ముఖం పాలిపోయింది. ఢిల్లేశ్వరి ఆమె చెయ్యి వదలకుండా మూడో డబ్బీ తీసింది.

రోహిణి వేలు మొద్దుబారి ఉంది. సూది రెండుసార్లు జారింది. చుక్క వేశాక ముగ్గురూ టీ తాగారు. ఢిల్లేశ్వరి మనసులో మొక్కని దేవుడు లేడు. యంత్రం తప్పని తేలిపోయింది, ఇప్పుడు ఈ చుక్క నీలంగా తేలితే చాలు, దాన్ని పట్టుకెళ్ళి జగన్నాథం బల్ల మీద పెట్టవచ్చు.

నారింజ.

యంత్రం తప్పుడు దారిలో వచ్చి నిజం చెప్పింది. తల్లి నుంచి వచ్చిన అక్షరం అక్కాచెల్లెళ్ళిద్దరిలోనూ ఉంది. ఢిల్లేశ్వరి డబ్బీని అరచేత్తో మూసింది. బాగుందని ఒక్క మాట అబద్ధం చెబితే ఈ పిల్ల సంచి దక్కుతుంది. ఆ మాట గొంతు దాకా వచ్చింది. ఇన్నాళ్ళు ఒక యంత్రం తన గొంతుతో తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పింది, ఇప్పుడు తెలిసినదాన్ని తను తెలియనట్టు చెప్పబోతోంది. రెండింటికీ తేడా ఏమిటో ఆమెకు కనబడలేదు. చెయ్యి తీసేసింది.

"నీదీ వదులేనమ్మా," అంది. ఆ తరువాత కళ్ళనీళ్ళు ఆగలేదు.

రోహిణి డబ్బీని తిప్పి తిప్పి చూసింది. వదులంటే ఏం జరుగుతుందో, ఎన్నాళ్ళకు జరుగుతుందో, కనిపెట్టి ఉంటే ఆపవచ్చా అని ఒక్కొక్కటే అడిగింది. ఢిల్లేశ్వరి కళ్ళు తుడుచుకుని అన్నిటికీ జవాబు చెప్పింది. కూతురు గోడ పట్టుకుని నడిచి వచ్చి తల్లి మోకాలు పట్టుకుంది. రోహిణి పిల్లను ఒళ్ళోకి లాక్కుంది.

"అయితే ఏటత్తా? గొళ్ళెం వదులైతే తలుపు కాడ కాపలా కూకుంటాం. ఇల్లు కూల్చీసుకుంటామేటి?"

పెరట్లో తవిటమ్మ సుత్తి ఆగింది. ఇన్నేళ్ళ పరిశోధనలో ఢిల్లేశ్వరి రాసిన పెద్ద పెద్ద వ్యాసాలకు ముందుమాటగా పెట్టుకోదగ్గ మాట అది. డబ్బీ తయారుచేసిన రోజున తను అనుకున్నదీ అంతే. మధ్యలో సన్మానాలూ పథకాలూ వచ్చి ఆ మాటను తొక్కేశాయి.

అక్కాచెల్లెళ్ళిద్దరినీ వెంటబెట్టుకుని ఢిల్లేశ్వరి పెద్దాసుపత్రికి వెళ్ళింది. రోహిణికి ఏమీ లేదు. హైమకు గర్భాశయం ముఖం దగ్గర చిన్న తెల్లని మచ్చ కనబడింది. క్యాన్సర్ కాదు, అవబోయే దారిలో ఉన్నది. డాక్టరమ్మ ఆ పూటే ఆ కాస్త చోటును తీసేసి, ఇక క్రమం తప్పకుండా చూపించుకోమంది. హైమ సాయంత్రానికి తన కాళ్ళ మీద తను నడిచి ఇంటికొచ్చింది. సంచి సంచిలాగే ఉంది. పచ్చ గీతను నమ్ముకుని ఇంట్లో కూర్చుని ఉంటే ఏమయ్యేదో ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

*

జగన్నాథం దగ్గర ఇవేవీ పనిచేయలేదు. ఆయన మరీ చెడ్డవాడేం కాదు, భయస్తుడు. గేటు దగ్గర యంత్రం ఏమంటే అదే తనకు వేదమని, కార్డు ఎర్రగా ఉన్నంతకాలం గేటు దాటనివ్వలేనని, ఎర్ర గీత వచ్చినవాళ్ళందరికీ ఇచ్చిన నెల గడువు సోమవారంతో తీరిపోతుందని చెప్పి పంపేశాడు. అప్పటికి అలాంటివాళ్ళు ప్రతి వరసలోనూ ఉన్నారు. ఇద్దరు ముగ్గురు నర్సింగ్ హోముకు వెళ్ళి వచ్చేశారు కూడా. వాళ్ళు నడుం పట్టుకుని నడుస్తుంటే రోహిణి చూసింది.

ఆదివారం సాయంత్రం తవిటమ్మ గుమ్మాలకు జీడిపెంకు నూనె పూస్తోంది. చెదలు పట్టకుండా ఆ వీధిలో ఏడాదికోసారి అందరూ పూస్తారు. ఢిల్లేశ్వరి గడప మీద కూర్చుని గొణుగుతోంది. ఆ యంత్రం ఎవరో తెలియని మనిషి వచ్చినప్పుడు మాత్రమే నిజం మాట్లాడుతుందని, ఆ ఒక్క వాక్యం కోసం ఎంత పంతం పట్టిందో, దాన్ని ఇంతవరకు ఒక్కరూ వినలేదని తనలో తనే అనుకుంటోంది. రోహిణి వింది. ఆ వాక్యం ఏమిటో మళ్ళీ చెప్పించుకుంది. తరువాత లేచి, కార్డు తెచ్చి, తల్లి చేతిలోని నూనె డబ్బా అందుకుని, రెండు చుక్కలు ఎర్ర గీత మీదా, దాని పక్కన యంత్రం చదివే నల్లగళ్ళ గుర్తు మీదా వేసింది.

నూనె కాసేపు బుడగలు కట్టింది. గీత కరిగింది, గళ్ళు కరిగాయి, ఇంటిపేరు కరిగింది. బొగ్గులాంటి నల్లటి మరక మిగిలింది.

"వేళ్ళు తినీసినాది కదా," అంది రోహిణి, "కార్డు తినడానికేటి అడ్డం?"

కొత్త కార్డు ఇప్పించుకోవాలంటే వేలిముద్ర కావాలి. ఆ సంగతి ఢిల్లేశ్వరికి గుర్తొచ్చి ముందు నవ్వొచ్చింది. తరువాత చాలాసేపు నవ్వింది. చీకటి పడకముందే తవిటమ్మ నూనె డబ్బా పట్టుకుని వీధిలోకి బయలుదేరింది. ఎర్ర కార్డుల వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. వాళ్ళ తరువాత పచ్చ కార్డుల వాళ్ళు కూడా వచ్చారు. హైమ తన మచ్చ సంగతి ఏ దాపరికమూ లేకుండా ఇంటింటికీ చెప్పింది.

సోమవారం పొద్దున గేటు దగ్గర మామూలుగానే వరస కట్టారు. ఢిల్లేశ్వరి రోడ్డుకు ఇవతల టీ దుకాణం ముందు, డబ్బీల సంచి పక్కన పెట్టుకుని నిలబడింది. రోహిణి ముందుకు వెళ్ళి నల్లబడిన కార్డును యంత్రం ముందు పెట్టింది. యంత్రం ఎర్రగానూ వెలగలేదు, పచ్చగానూ వెలగలేదు. ఒక్క క్షణం తడబడింది.

"మీ గురించి నాకు తెలియదు. రక్తం పరీక్షించి చెప్పాలి."

వెనకామె పెట్టింది. మళ్ళీ అదే. ఆ వెనకామె, ఆ వెనకామె. గాజు గదిలో అచ్చువేయించిన ఆ నున్నటి గొంతు ఒక్కొక్కరికీ అదే అప్పజెప్పింది. ఏళ్ళ తరువాత ఢిల్లేశ్వరికి తన గొంతు వింటే సిగ్గు వేయలేదు.

జగన్నాథం పరుగెత్తుకొచ్చాడు. కార్డులు పాడుచేస్తే ఊరుకునేది లేదని అరిచాడు, ఇంటికి పొమ్మన్నాడు. లోపల పండగ సరుకు కోసం కొట్టాల్సిన పిక్కలు గుట్టలుగా పడి ఉన్నాయి. కొట్టే చేతులన్నీ గేటు బయటే ఉన్నాయి. ఎవరూ కదలలేదు. ఆయన విశాఖపట్నానికి ఫోన్ చేసి, ఎవరి పేరూ ఆపరేషన్‌కు ఎక్కడం లేదని, రక్తం చూడాలంటోందని, ఏం చేయమంటారని అడిగాడు. అవతల డైరెక్టరుగారు ఏమన్నారో గానీ ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే నీరసంగా తల ఎత్తాడు.

"ఇంతమందికీ నెత్తురు ఎవులు సూస్తారు?" అన్నాడు. "ఎవులున్నారు ఇక్కడ?"

రోహిణి వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూసింది. ఢిల్లేశ్వరి అప్పటికే టీ దుకాణం బల్ల ఒకటి అడిగి తీసుకుని, రోడ్డు దాటించి, గేటు పక్కన నీడలో వేసింది. డబ్బీలు దాని మీద పరిచింది. అవి అందరికీ చాలవు. చాలనివి విశాఖపట్నంలో మళ్ళీ చేయించాలి, చేయకపోతే అక్కడ కూడా ఇలాగే వరస కట్టాలి. ఎర్రవాళ్ళను, పచ్చవాళ్ళను, కోయించుకుని వచ్చేసినవాళ్ళను కూడా ఒక్కరినీ వదలకుండా చూడాలి. ముందు ఇవైతే మొదలుపెట్టాలి.

వెనక యంత్రం ఇంకా తనకు తెలియదని అప్పజెబుతూనే ఉంది. ఢిల్లేశ్వరి దానికంటే గట్టిగా, ఏ గాజు గదిలోనూ దిద్దని గొంతుతో పిలిచింది.

"బేగి రండమ్మా. సేతులు కడుక్కోండి. ఒకలెనకాల ఒకలు ఇలాగ కూకోండి. నాను సూసి సెప్తాను."